పదికీ ఇరవైకీ మధ్య ఖాళీ

ఉపాధ్యాయ మిత్రులకు, పిల్లలను వెంటబెట్టుకొని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం.

బల్ల మీద ఉన్న ఈ పెట్టెను చూసి, ఇంత పాత సామాను మీద పిల్లలకు ఏమి నేర్పుతారని కొందరు అడిగారు. ఇది బీబీసీ మైక్రో. ఇంగ్లండులో ఏకార్న్ సంస్థ 1981లో తెచ్చింది. 1984లో మన కేంద్ర ప్రభుత్వం బడులలో కంప్యూటర్ చదువు కోసం ‘క్లాస్’ పథకం మొదలుపెట్టినప్పుడు తీసుకున్నది కూడా దీన్నే. మెమరీ 32 కిలోబైట్లు. మీ ఫోనులోని ఒక్క ఫొటో ఇందులో పట్టదు.

స్విచ్ వేయగానే తెర మీద దాని పేరు, దానికి ఆదేశాలు రాసే భాష ‘బేసిక్’ పేరు, మినుకుమినుకుమనే ఒక చిన్న గీత కనిపిస్తాయి. అంతే. పిల్లవాడు ఏదో ఒకటి చెప్పేదాకా అది కదలదు. నేను దీన్ని ఎంచుకున్నది అందుకే.

పోయిన వేసవిలో కోనసీమలోని మా ఊళ్లో ఏడో తరగతి అమ్మాయి ఒకరోజు నన్ను ఆపింది. “ప్రోగ్రాములో పంక్తులకు ఒకటి, రెండు అని వేయకుండా పది, ఇరవై అని ఎందుకు వేయిస్తున్నారు మాస్టారూ?”

“మీ చేలో నాట్లు వేసేటప్పుడు రెండు మీటర్లకు ఒక బాట ఎందుకు వదులుతారమ్మా?” అన్నాను.

“గాలీ వెలుతురూ తగలాలి. మందు కొట్టడానికి మనిషి దిగాలి.” ఒక్క క్షణం ఆగింది. “అయితే పదిహేను వేసి మధ్యలో దిగవచ్చా?” నా జవాబు కోసం చూడకుండానే పదిహేను కొట్టి కొత్త పంక్తి రాసింది. రాసినదంతా వరసగా చూపే ‘లిస్ట్’ ఆదేశం ఇవ్వగానే అది పదికీ ఇరవైకీ మధ్య సరిగ్గా కూర్చుని కనిపించింది. ఆ పిల్ల ముఖం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

మెమరీ సంగతీ అంతే. నిండు రంగుల బొమ్మ కావాలంటే తెరకే 20 కిలోబైట్లు పోతాయి. యంత్రం సొంత అవసరాలకు మూడున్నర. మిగిలిన ఎనిమిదిన్నరలోనే ప్రోగ్రాము ఇమడాలి. దాళ్వాకు, అంటే రెండో పంట వరికి, కాలువ నీరు వంతుల మీద తీసుకునే ఇళ్ల పిల్లలకు ఈ లెక్క నేను విడమరచి చెప్పనక్కరలేదు. ఒక అబ్బాయి కొబ్బరితోట గీయబోయాడు. ఒక్కో చెట్టుకూ పాతిక పంక్తులు రాసుకుంటూ పోతే ‘నో రూమ్’, అంటే చోటు లేదు అని వచ్చింది. మర్నాడు చెట్టును ‘ప్రాక్’గా, అంటే పేరు పెట్టి మళ్లీ మళ్లీ పిలవగల ముక్కగా, ఒక్కసారే రాసి, చోటు మార్చి పిలుస్తూ పోయాడు. ఇరవై చెట్లు లేచాయి. ఆ సౌకర్యం ఉన్న బీబీసీ బేసిక్‌ను రాసిన సోఫీ విల్సనే, తరువాత మన ఫోన్లలో పనిచేస్తున్న ఆర్మ్ ప్రాసెసర్ల ఆదేశాలనూ రూపొందించారు. ఈ మాట పిల్లలకు తప్పక చెబుతాను.

యంత్రాలు తెచ్చుకోదలచిన ఉపాధ్యాయులకు ఒక్క మనవి. పవర్ సప్లైలోని పాత కెపాసిటర్లు మార్పించకుండా పిల్లల చేతికి ఇవ్వకండి. మన డెల్టా తేమకు లోపల చిలుము పడుతుంది, ఏటా విప్పి తుడవాలి.

వచ్చే ఆదివారం ఉదయం తొమ్మిదికి తరగతి మొదలవుతుంది. పిల్లలకు ఒక రూళ్ల నోటుపుస్తకం, పెన్సిలు ఇచ్చి పంపండి. కరెంటు పోతే రాసిందంతా పోతుంది కాబట్టి ముందు కాగితం మీద రాయిస్తాను. క్యాసెట్టులో దాచుకోవడం మూడో వారంలో నేర్పుతాను.