స్టార్టర్ బంద్ చేసిన్నా, లేదా?

దృశ్యం: చీకట్ల బత్తాయి తోట. స్టార్టర్ డబ్బా, ఎర్ర బటన్ మీద టార్చి వెలుగు.

గొంతు: నమస్తే. ఇది నల్లగొండ పక్కన మా మామ తోట. రాత్రి తొమ్మిదింటికి ఈ ఎర్ర బటన్ నొక్కి ఇంటికొస్తడు. కంచం ముందట కూసుంటడో లేదో, "ఏమే, మోటరు బంద్ చేసిన్నా?" అని షురూ. అత్త తోట మొకమే చూడలే, అయినా "చేసినవ్, తిను" అంటది. పది నిమిషాలకు మళ్లీ అదే మాట. పదకొండింటికి బండి తీస్తడు. బటన్ చూస్తడు, ముట్టుకుంటడు, ఫోన్ల ఫొటో తీసుకుంటడు. ఇంటికొచ్చి ఆ ఫొటోనే చూసి, "ఇది నిన్నటిదేమో" అంటడు.

నీళ్లు లేని బోర్ల మోటరు నడిచి కాలితే ఎంత నష్టమో మన రైతుకు ఎరుకే. ఒకసారి పోయి చూసుకునుడు రోగం కాదు. రోజుకు గంటకు పైగా దానికే పోతుంటే, నిద్ర, పని చెడుతుంటే, డాక్టర్లు అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్, ఓసీడీ అంటరు. వద్దన్నా తలల దూరే ఆలోచన అబ్సెషన్. దాన్ని చల్లార్చనీకి చేసే పని కంపల్షన్.

చూసొస్తే పావుగంట పానం నిమ్మళం. ఆ నిమ్మళమే ఉచ్చు. అనుమానమొస్తే పోయి చూడాలె అని మెదడు నేర్చుకుంటది. అత్త "చేసినవ్" అన్నా అంతే, కూసున్న కాడ తోటకు పోయొచ్చినట్టే.

దృశ్యం: చెరువుగట్టు మెట్లు.

గొంతు: చేతులు తోలూడేదాక కడిగేటోళ్లు కండ్లకు కనబడతరు. "మడి ఎక్కువ" అని నవ్వి ఊకుంటం. కనబడనోళ్లు వేరే ఉంటరు. గట్టు మీద రామలింగేశ్వరునికి దండం పెట్టంగనే దేవుని మీద బూతు మాట తలల మెదులుతది. పసిబిడ్డను ఎత్తుకున్న తల్లికి "జారవిడుస్తనేమో" అని. ఎవలకు చెప్పుకుంటరు? ఆ ఆలోచనకు అంత వణుకుతున్నరంటే అది వాళ్ల కోరిక కాదనే. (బాలింతకు ఎవలో చెవుల మాట్లాడుతున్నట్టు వినబడితే అది వేరే సంగతి. అదే రోజు దవాఖానకు తీస్కపోండ్రి.)

దృశ్యం: వంటింటి గడప. అత్త రొట్టెలు కాలుస్తున్నది.

గొంతు: 1966ల లండన్ సైకాలజిస్టు విక్టర్ మేయర్ ఒక పద్ధతి రాసిండు. భయపెట్టేదానికి ఎదురు పోవాలె, ఆ తర్వాత చేసే తంతు మాత్రం చెయ్యొద్దు. ఇయాల దాన్ని ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, ఈఆర్‌పీ అంటరు. అల్కటిదాంతోని మొదలు. మామకు మొదటి మెట్టు, ఫొటో తియ్యకుండ ఇంటికొచ్చుడు. రెండోది, బటన్ ఒక్కసారే చూసుడు. అన్నిటికన్న కష్టమైన మెట్టు అత్తది. పగటిపూట, మనసు బాగున్నప్పుడే ఇద్దరు మాట అనుకున్నరు. రాత్రి ఆయన అడిగితే, "గది నీ రోగం అడుగుతుంది, నేను చెప్ప" అనాలె. మొదటి రాత్రి మామ ముద్ద ముట్టలే. అత్త కొంగు నోట్ల పెట్టుకొని ఏడ్చింది, జవాబు మాత్రం చెప్పలే.

మందులున్నయి. ఫ్లూక్సెటిన్, సెర్ట్రలీన్, ఫ్లూవోక్సమీన్ అసొంటివి. నిద్రగోలీలు కావు. డిప్రెషన్‌కు ఇచ్చేదానికన్న డోసు తరచు ఎక్కువ పడతది, గుణం సరిగ తెల్వనీకి 8 నుంచి 12 వారాలు పడతది. మనోళ్లు పదిహేను రోజులకే "పని చేస్తలేదు" అని చెత్తల పారేస్తరు. మామ కూడ ఒకసారి గట్లనే చేసిండు. డాక్టర్‌ను అడగకుండ ఆపొద్దు.

ఎర్రగడ్డ పేరు చెప్పి ఎక్కిరించే ఊర్లల్ల పుట్టినోళ్లం, సిగ్గు ఉంటది. నల్లగొండల, మహబూబ్‌నగర్‌ల ప్రభుత్వ మెడికల్ కాలేజీ దవాఖానల్ల మానసిక వైద్యులను అడగుండ్రి. ముందు ఫోన్ల మాట్లాడాలంటే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, 14416. పైసలు పడవు, తెలుగుల మాట్లాడొచ్చు.

దృశ్యం: ఇంటి వాకిలి, రాత్రి. గూట్ల బండి తాళం చెవి.

గొంతు: మొన్న అత్తకు ఫోన్ చేసిన. మామ రాత్రి రెండుసార్లు లేచి వాకిట్ల తిరిగిండట. తాళం చెవి మాత్రం గూట్లనే ఉందట.