గేర్‌బాక్స్ దించే ముందు బ్రేక్ లైట్లు చూడండి

అధ్యక్షులవారికీ, వేదిక మీదున్న పెద్దలకూ, ఎదురుగా కూర్చున్న మెకానిక్ మిత్రులకూ నమస్కారం. పెద్దల పేర్లన్నీ చదవమని ఒక కాగితం ఇచ్చారు. వాళ్లు ఏమీ అనుకోరన్న ధైర్యంతో దాన్ని జేబులో పెట్టేస్తున్నాను. నాకిచ్చిన అంశం ఆటోమేటిక్ గేర్‌బాక్సుల భవిష్యత్తు. భవిష్యత్తు దారి అది చూసుకుంటుంది. అనవసరంగా కిందికి దిగుతున్న గేర్‌బాక్సుల గురించి నేను మాట్లాడతాను.

టార్క్ కన్వర్టర్ సంగతి మీకు తెలిసిందే. ఇంజిన్ తిప్పే ఇంపెల్లర్ ఆయిల్‌ను విసురుతుంది, ఆ ఆయిల్ తోపుకు గేర్‌బాక్స్ వైపు టర్బైన్ తిరుగుతుంది. మధ్యలో ఉన్నది ఆయిలే కాబట్టి టర్బైన్ కాస్త వెనకబడుతుంది, ఆ తేడా వేడిగా పోతుంది. బండి నిలకడగా పోయేటప్పుడు ఈ నష్టం ఎందుకని లోపల ఒక క్లచ్‌తో రెండింటినీ కలిపేస్తారు. అదే లాకప్. ప్యాకార్డ్ వాళ్లు 1949లోనే అల్ట్రామాటిక్‌లో పెట్టారు, క్రైస్లర్ 1978లో మామూలు కార్లకు తెచ్చింది. అయినా లాకప్ అనగానే ఇప్పటికీ మనకు కంగారే.

ఇక నా కడుపుమంట వినండి. ఒకాయన కారు తెచ్చారు. అప్పటికే వేరేచోట గేర్‌బాక్స్ దించి కన్వర్టర్ మార్చేశారు. కంప్లయింట్ మాత్రం ఎక్కడికీ పోలేదు. హైవే మీద ఆర్పీఎం ఎక్కువ, మైలేజీ తక్కువ. ‘ఇంకేమైనా తేడా ఉందా సార్?’ అన్నాను. ‘క్రూయిజ్ కంట్రోల్ పట్టట్లేదు, పొద్దున్నే బ్యాటరీ కూడా డౌన్ అవుతోంది. అక్కడా చెప్పానండీ, అవి వేరే సమస్యలు అన్నారు’ అన్నారాయన. వేరే సమస్యలట! కారు వెనక్కి వెళ్లి చూశాను. లోపల ఎవరూ లేరు, పెడల్ మీద కాలు లేదు, బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయి. ఎండలో ఎవరి కంటా పడలేదు, అంతే. పెడల్‌కు బ్రేక్ లైట్ స్విచ్ మొన ఆనే చోట చిన్న ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది చూడండి, అది చిట్లి ముక్కలై కింద మ్యాట్ మీద పడుంది. మొన ఆ చిల్లులోకి దూరిపోయింది. డ్రైవర్ బ్రేక్ మీదే ఉన్నాడని కంప్యూటర్ అనుకుంటోంది. బ్రేక్ వేస్తున్న బండికి అది లాకప్ ఎందుకిస్తుంది? బిళ్ల మార్చాం, లాకప్ పడింది, క్రూయిజ్ పనిచేసింది, బ్యాటరీ నిలిచింది.

ఆ కన్వర్టర్ డబ్బు ఆయనకు ఎవరిస్తారు? మీరే చెప్పండి.

కొన్ని కార్లలో ఆ స్విచ్‌లో రెండు కాంటాక్టులుంటాయి. లైట్లు సరిగ్గానే ఉన్నా కంప్యూటర్‌కు తప్పుడు సిగ్నల్ పోవచ్చు. అందుకే స్కానర్ పెట్టి కోడ్ చదివి ఊరుకోకండి, లైవ్ డేటా తెరవండి. బ్రేక్ స్విచ్ ఏం చెబుతోంది? కూలెంట్ వేడెక్కుతోందా? థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోతే ఇంజిన్ వేడెక్కదు, లాకప్ ఆర్డరే రాదు. ఆర్డరే రానప్పుడు క్లచ్‌ను తిట్టి ఏం లాభం?

వణుకు సంగతి వేరు. అరవై, ఎనభై కిలోమీటర్ల వేగంలో, యాక్సిలరేటర్ తేలిగ్గా తొక్కినప్పుడు రంబుల్ స్ట్రిప్స్ మీద పోతున్నట్టు బండి ఒణుకుతుంది. ఖాళీ రోడ్డు మీద, యాక్సిలరేటర్ అలాగే ఉంచి, ఎడమ కాలితో బ్రేక్‌ను లైట్లు వెలిగేంత మాత్రమే తాకండి. లాకప్ విడిపోయి ఆర్పీఎం కాస్త పైకి లేస్తుంది. అప్పుడు వణుకు ఆగితే లాకప్ మీద అనుమానం. ఆగకపోతే ప్లగ్గులు, కాయిల్స్, మౌంటింగులు చూడండి. ఇక్కడా ఒక తిరకాసుంది. లాకప్ పడ్డాక తక్కువ ఆర్పీఎం మీద లోడ్ పడి, దాగి ఉన్న మిస్‌ఫైర్, అంటే సిలిండర్ సరిగ్గా మండకపోవడం, బయటపడుతుంది. అందుకని మిస్‌ఫైర్ కౌంట్ కూడా చూడనిదే తీర్పు చెప్పొద్దు.

నిజంగా లాకప్ వణుకే అయితే ముందు ఆయిల్. కంపెనీ చెప్పిన గ్రేడే పొయ్యండి. ‘అన్నిటికీ ఇదే సరిపోతుంది అన్నా’ అని కౌంటర్‌లో ఇచ్చేది కాదు. వణుకు మొదట్లోనే ఉంటే ఆయిల్ మార్పుతోనే పోయిన బళ్లున్నాయి.

దించాల్సిన కేసులు లేవనను. లాకప్ ఆర్డర్ పూర్తిగా వస్తోంది, లాకప్‌కు ఆయిల్ పంపే సోలెనాయిడ్, వాల్వ్ బాడీ, వాటి వైరింగ్ బాగున్నాయి, అయినా స్లిప్, అంటే టర్బైన్ వెనకబడటం, తగ్గక పీ0741, అంటే లాకప్ సరిగ్గా పట్టట్లేదన్న కోడ్, మళ్లీ మళ్లీ పడుతోంది, పాన్ విప్పితే ఆయిల్ నల్లగా మాడు వాసన. అప్పుడు దించండి, నేనూ ఒక చెయ్యి వేస్తాను. కానీ దించాక గేర్‌బాక్స్ ఆయిల్ కూలర్, దాని పైపులు కడగకుండా కొత్త కన్వర్టర్ ఎక్కించకండి, పాత చెత్తంతా మళ్లీ దాంట్లోకే పోతుంది. కూలర్ కడిగినా శుభ్రపడకపోతే మార్చెయ్యండి.

పీ0742, అంటే లాకప్ విడవకుండా పట్టేసి, బండి ఆపగానే ఇంజిన్ ఆగిపోయే రకం గురించి ఎవరైనా అడుగుతారేమో చూస్తున్నాను. వెనక వరసలో చెయ్యెత్తినాయన, మీరు అడగండి.