200 గంటల స్నేహం

సభకు నమస్కారం.

మీలో చాలామంది కొద్ది నెలల్లో ఓపేర్‌గా, అంటే ఒక కుటుంబంతో ఉంటూ వాళ్ల పిల్లలను చూసుకునేవారిగా, విదేశానికి బయలుదేరబోతున్నారు. వీసా గురించీ ఒప్పంద పత్రం గురించీ పిల్లల సంరక్షణ గురించీ మీకు ఇప్పటికే ఎంతోమంది చెప్పి ఉంటారు. స్నేహితుల గురించి మాత్రం ఎవరూ చెప్పి ఉండరు. వయసులో ఉన్నవాళ్లు, ఎక్కడికి వెళ్లినా నలుగురితో కలిసిపోతారులే అని పెద్దలు ధీమాగా ఉంటారు. నేనూ అదే ధీమాతో వెళ్లి, మొదటి రెండు నెలలు ఒక గదిలో కూర్చుని గడిపాను. అందుకే ఈ రోజు ఆ ఒక్క విషయమే మాట్లాడతాను.

ఫ్రెంచిలో ‘ఓ పేర్’ అంటే ‘సమానంగా’ అని అర్థం. ఇంటివాళ్లలో ఒకరిగా ఉంటూ, వాళ్ల పిల్లలను చూసుకుంటూ, ఆ దేశపు భాషనూ జీవితాన్నీ నేర్చుకోవాలన్నది ఈ ఏర్పాటు వెనుక ఉన్న ఉద్దేశం. 1969లో కౌన్సిల్ ఆఫ్ యూరప్ స్ట్రాస్‌బర్గ్‌లో ఆమోదించిన ఒప్పందం కూడా, పని మామూలుగా రోజుకు 5 గంటలకు మించకూడదనీ భాషా తరగతులకు వెళ్లే తీరిక ఉండాలనీ చెబుతుంది. ఉద్దేశం గొప్పదే. కానీ ఉద్యోగంలో చేరినవారికి పక్క కుర్చీలో ఎవరో ఒకరు ఉంటారు, విద్యార్థికి తరగతి నిండా తోటివాళ్లు ఉంటారు, ఓపేర్‌కు మాత్రం సహోద్యోగి అంటూ ఒక్కరూ ఉండరు. పని చేసే ఇంట్లోనే నిద్రపోవాలి. రోజులో ఎక్కువసేపు మాట్లాడేది నాలుగేళ్ల పిల్లవాడితోనే. సాయంత్రం ఇంటివాళ్లు తిరిగి వచ్చాక వాళ్ల ముచ్చట్ల మధ్య కూర్చోవాలో, లేచి గదికి వెళ్లాలో తేల్చుకోలేని ఆ పది నిమిషాలు ఎంత భారంగా ఉంటాయో, అనుభవించినవారికే తెలుస్తుంది.

ఇక్కడ మీకు ఒక లెక్క చెప్పాలి. కాన్సాస్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జెఫ్రీ హాల్, కొత్త ఊరికి మారినవారినీ కళాశాలలో కొత్తగా చేరినవారినీ పరిశీలించి, 2018లో ఒక అధ్యయనం వెలువరించారు. ముఖపరిచయం మామూలు స్నేహంగా మారడానికి సుమారు 50 గంటలు, దగ్గరి స్నేహంగా మారడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలని ఆయన అంచనా వేశారు. పనిలో కలిసి ఉన్న గంటల కంటే తీరికగా గడిపిన గంటలే స్నేహాన్ని ముందుకు తీసుకెళ్తాయని కూడా అందులో తేలింది. ఈ అంకెలను ఓపేర్‌గా గడిపే మన ఏడాదికి వర్తింపజేసి చూడండి. ఒక మనిషితో వారానికి 4 గంటలు గడిపితే 50 గంటలు పూర్తి కావడానికి మూడు నెలలు పడుతుంది, 200 గంటలకు దాదాపు ఏడాది పడుతుంది. అంటే కాస్త భాష వచ్చాక, కాస్త కుదురుకున్నాక మొదలుపెడదామని మూడు నెలలు ఆగితే, స్నేహం చిక్కబడేనాటికి మీరు పెట్టె సర్దుకుంటూ ఉంటారు.

తీరిక లేదని మీరు అనవచ్చు. జర్మనీలో ఓపేర్‌కు వారానికి 30 గంటలకు మించి పని ఉండకూడదు, వారంలో ఒకటిన్నర రోజు సెలవు ఉండాలి. అమెరికాలో పని 45 గంటల దాకా ఉండవచ్చు; అక్కడ కూడా వారానికి ఒకటిన్నర రోజు, నెలలో ఒక పూర్తి వారాంతం సెలవు ఇవ్వాలి. తీరిక ఉంటుంది కానీ, చెప్పాపెట్టకుండా ముక్కలు ముక్కలుగా వస్తుంది. అందుకే వెళ్లిన మొదటి వారంలోనే ఇంటివాళ్లతో కూర్చుని, వారంలో ఫలానా సాయంత్రం ఎప్పటికీ నాదేనని కాగితం మీద రాయించుకోండి. మిగతావి అటూఇటూ అయినా ఆ ఒక్క సాయంత్రం కదలకూడదు. స్నేహితులను ఇంటికి పిలవవచ్చో లేదో కూడా అప్పుడే అడిగేయండి.

ఆ సాయంత్రాన్ని ప్రతివారం ఒకే చోట, ఒకే వేళకు ఖర్చు చేయండి. భాషా తరగతి కావచ్చు, బృందగానం కావచ్చు, ఏదైనా ఆట కావచ్చు. వారానికొక కొత్త చోటికి వెళితే వందమంది ముఖాలు చూస్తారు, ఒక్కరి పేరూ గుర్తుండదు.

నాకు ఇది తెలివితో తెలియలేదు, ఒక పార్కు బెంచీ వల్ల తెలిసింది. రోజూ నాలుగు గంటలకు పిల్లవాణ్ణి అక్కడి ఇసుక గుంటలో ఆడించడానికి తీసుకువెళ్లేదాన్ని. అదే వేళకు మరో దేశం నుంచి వచ్చిన ఒకమ్మాయి, తాను చూసుకునే పాపతో వచ్చి బెంచీకి అటు చివర కూర్చునేది. మూడు వారాలు తల ఊపుకోవడంతోనే సరిపోయింది. ఒకరోజు గాలికి పాప టోపీ ఎగిరి నా కాళ్ల దగ్గర పడింది. దాన్ని దులిపి ఇస్తూ, అంతకుముందు రాత్రి తరగతిలో నేర్చుకున్న వాక్యం అన్నాను: ‘రేపు కూడా వస్తారా?’ క్రియ తప్పుగా పలికాను. ఆమె తన తప్పుల భాషలో జవాబిచ్చింది. ఇద్దరిదీ అరకొర భాషే కావడంతో ఆ మాటల్లో ఎవరికీ సిగ్గు లేకపోయింది. మా స్నేహం అక్కడ మొదలైంది.

తోటి ఓపేర్లు మీ కష్టాన్ని సగం మాటలోనే అందుకుంటారు. వాళ్లతో ఒక చిక్కు ఉంది: ఒక్కొక్కరు ఒక్కో నెలలో వచ్చి ఒక్కో నెలలో వెళ్లిపోతారు. కనుక ఆ ఊరివాళ్లలో కనీసం ఒకరిని సంపాదించుకోండి. మీ వయసువాళ్లకు చిన్ననాటి స్నేహితులు ఇప్పటికే ఉంటారు, కొత్తవారికి చోటు ఇవ్వడానికి సమయం తీసుకుంటారు. అది మీ మీద అయిష్టం అనుకోకండి. వయసు మళ్లినవారిని కూడా మరిచిపోకండి. నా ఉచ్చారణను ఓపికగా దిద్దింది బృందగానంలో నా పక్కన నిలబడే డెబ్బై ఏళ్ల ఆవిడ.

మరో మాట కాస్త కఠినంగా చెబుతాను, మన్నించండి. ప్రతి రాత్రీ రెండు గంటలు స్వదేశానికి ఫోన్ చేసేవారు వారానికి 14 గంటలు అక్కడే ఉండిపోతున్నారు. అమ్మానాన్నలతో తప్పక మాట్లాడండి, కానీ నిర్ణయించుకున్న రోజుల్లో మాట్లాడండి. నేను ఫోన్ తగ్గించిన వారం మా అమ్మ బాధపడింది. పార్కులో కలిసిన అమ్మాయి గురించి చెప్పాక, ఫోన్ చేసినప్పుడల్లా ఆమె యోగక్షేమాలు అడగడం మొదలుపెట్టింది.

నా ఏడాది ముగిసినప్పుడు నా స్థానంలో మరో అమ్మాయి వచ్చింది. పిల్లవాడి నిద్రవేళలూ మందుల అలమారా చూపించాక, నాలుగు గంటలకు ఆమెను ఆ బెంచీ దగ్గరికి తీసుకువెళ్లాను. మా స్నేహితురాలు కాస్త జరిగి చోటిచ్చింది. ముగ్గురం కూర్చున్నాం.