పెద్ద పిల్లలతో, తక్కువ ఖర్చుతో కోల్‌కతా: వెళ్లొచ్చా? మా ఫ్యామిలీ రివ్యూ

నమస్కారం అండీ. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు టూర్ అంటే ఒక పార్కు, ఒక ఐస్‌క్రీం ఉంటే సరిపోయేది. ఎనిమిదో తరగతి దాటాక అలా కుదరదు. గుడి అంటే ‘మళ్లీనా’ అంటారు, మ్యూజియం అంటే ఫోన్ తీస్తారు. పైగా ఖర్చు కూడా పెరుగుతుంది. పన్నెండేళ్లు నిండితే రైల్లో ఫుల్ టికెట్, చాలా హోటళ్లలో పెద్దవాళ్ల లెక్కే. మా ఇంట్లో ఇంటర్ చదివే అబ్బాయి, తొమ్మిదో తరగతి అమ్మాయి ఉన్నారు. ఇలాంటి పిల్లలున్న ఇంటికి నేను గట్టిగా చెప్పే ఊరు కోల్‌కతా. అక్కడ మెట్రో, పడవ ఎక్కడమే సగం టూర్. వాటి టికెట్లు ఎంత చవకంటే, ఒక పూట ప్రయాణం మొత్తం పిల్లలకే అప్పగించినా మన జేబుకు భయం లేదు.

ముందు రైలు సంగతి. సికింద్రాబాద్ నుంచి గుంటూరు, విజయవాడ మీదుగా హౌరాకి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఉంది. ఒక రోజుకు పైనే పడుతుంది. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, అంతకుముందున్న 120 రోజులు 2024 నవంబర్ నుంచి లేవు. కాబట్టి సంక్రాంతి సెలవులకు వెళ్లాలంటే నవంబర్‌లోనే కూర్చోవాలి. చలికాలంలో స్లీపర్ హాయిగా సరిపోతుంది, ఏసీకి పెట్టే డబ్బు రూమ్‌కి పెట్టుకోవచ్చు. ఇంకో విషయం, పన్నెండు నిండని పిల్లలకు కూడా విడిగా బెర్త్ కావాలంటే పూర్తి చార్జీయే. హాఫ్ టికెట్ అనుకుని బడ్జెట్ వేసుకోకండి.

రూమ్ గురించి నా మాట ఒక్కటే: బ్లూ లైన్ (ఊరికి ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్లే మెట్రో) స్టేషన్‌కి నడిచి వెళ్లగలిగే దూరంలో తీసుకోండి. ఎస్‌ప్లనేడ్, పార్క్ స్ట్రీట్ చుట్టుపక్కల పాత హోటళ్లు చాలా ఉన్నాయి. గోడలకు రంగు కొత్తగా ఉండదు, లిఫ్ట్ ఉండకపోవచ్చు. అయినా ఊరి చివర మెరిసే హోటల్ కంటే ఇదే మేలు, ఎందుకంటే అక్కడ మిగిలే డబ్బంతా క్యాబ్‌కే పోతుంది. బుక్ చేసే ముందు ఫోన్ చేసి పిల్లల వయసులు చెప్పండి, నలుగురికీ ఒకే రూమ్ ఇస్తారా, అదనపు పరుపుకి ఎంత అని అడగండి. ఆ జవాబు వాట్సాప్‌లో రాయించుకుంటే కౌంటర్ దగ్గర గొడవ ఉండదు.

ఇక అసలు ఆనందం. హౌరా స్టేషన్ దిగగానే ట్యాక్సీ వాళ్లు చుట్టుముడతారు. ఆగకుండా మెట్రో బోర్డులు చూసుకుంటూ కిందికి దిగండి. గ్రీన్ లైన్‌లో 2024 మార్చిలో మొదలైన ఈ భాగం హుగ్లీ నది కింద నుంచి వెళ్తుంది, మన దేశంలో నది కింద నడిచిన మొదటి మెట్రో ఇదే. ఎస్కలేటర్ దిగుతూ ఉంటే ఇంకా దిగాల్సిందే, అంత లోతు. నది కిందికి రాగానే సొరంగంలో నీలం లైట్లు కనిపిస్తాయి, ముప్పావు నిమిషంలో అవతలి ఒడ్డు. టికెట్లు 5 రూపాయల నుంచి మొదలు. అదే నదిని సాయంత్రం పైనుంచి దాటండి, హౌరా ఘాట్ నుంచి బాబూఘాట్‌కి ఫెర్రీలో. మనిషికి పది రూపాయలకు అటూ ఇటూ. ఎదురుగా హౌరా బ్రిడ్జి. 1943లో తెరిచారు, నట్లు, బోల్టులు లేకుండా మొత్తం రివెట్లతో (మరలు లేకుండా, తల కొట్టి బిగించే మేకులు) కట్టారు. ఈ ముక్క చెబితే మా అబ్బాయి ఫోన్ పక్కన పెట్టి పైకి చూస్తూ ఉండిపోయాడు.

ఎస్‌ప్లనేడ్‌లో గ్రీన్ లైన్ నుంచి బ్లూ లైన్‌కి మారొచ్చు. ఇక్కడి నుంచి ప్లాన్ చాలా సులువు. పార్క్ స్ట్రీట్‌లో దిగితే ఇండియన్ మ్యూజియం, రవీంద్ర సదన్‌లో దిగితే విక్టోరియా మెమోరియల్, మహాత్మాగాంధీ రోడ్‌లో దిగితే పుస్తకాల వీధి కాలేజ్ స్ట్రీట్, ఉత్తరం వైపు చివరిదాకా వెళ్తే దక్షిణేశ్వర్ కాళీ గుడి. అన్నీ ఒకే దారిలో, దండలో పూసల్లా ఉన్నాయి. మేం పిల్లల్లో రోజుకొకరికి మ్యాప్ ఇచ్చేశాం. ఎక్కడ దిగాలి, ఏ గేటు నుంచి బయటికి రావాలి అన్నీ వాళ్లే చూసుకోవాలి. దారి వాళ్లదైనప్పుడు ‘బోర్’ అనే మాట రాలేదండీ. ఈ వయసు పిల్లలతో ఇదే నాకు అన్నిటికంటే నచ్చింది.

ఇండియన్ మ్యూజియం 1814లో మొదలైంది, ఆసియాలోనే పాతది. అంతా చూడాలని పట్టుబట్టకండి. ఈజిప్టు మమ్మీ, పెద్ద పెద్ద జంతువుల అస్థిపంజరాలు, భర్హుత్ స్తూపం రాతి కంచె, ఈ మూడూ చూస్తే చాలు. విక్టోరియాకి తోట టికెట్ వేరేగా ఉంటుంది. డబ్బు ఆదా చేసుకోవాలంటే సాయంత్రం తోటలో కూర్చుని పాలరాయి భవనాన్ని బయటి నుంచి చూడండి, ఏమీ పోగొట్టుకోరు.

సైన్స్ సిటీకి మాత్రం మొహమాటం లేకుండా పూట మొత్తం ఇవ్వండి. ఎంట్రీ టికెట్ ఒకటి, లోపల షోలకూ రోప్‌వేకీ విడివిడిగా. గేటు దగ్గరే ‘మీకు రెండే షోలు, ఏవో మీరే ఎంచుకోండి’ అని పిల్లలతో ఒప్పందం చేసుకోండి. ఇది బ్లూ లైన్ మీద లేదు, బస్సులో గానీ యాప్ క్యాబ్‌లో గానీ వెళ్లొచ్చు. దీన్ని సోమవారానికి పెట్టుకోండి. ఇండియన్ మ్యూజియం, విక్టోరియా లోపలి గ్యాలరీలు, టాగూర్ ఇల్లు జొరాసాంకో, ఇవన్నీ సోమవారం సెలవు.

కాలేజ్ స్ట్రీట్‌కి ఆదివారం వెళ్లొద్దు, పుస్తకాల షాపులు ఎక్కువ భాగం మూసి ఉంటాయి. మామూలు రోజున ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలే. ఎంట్రన్స్ పరీక్షల పుస్తకాలు బేరమాడి కొనొచ్చు. పైన ఇండియన్ కాఫీ హౌస్‌లో కాఫీ తాగుతూ ఎంతసేపు కూర్చున్నా ఎవరూ లేవమనరు. సైన్స్ చదివే పిల్లలుంటే ఒక మాట చెప్పండి: సి.వి. రామన్ 1928లో రామన్ ఎఫెక్ట్ కనిపెట్టింది ఇక్కడికి దగ్గర్లోని బౌబజార్ వీధిలోనే. పుస్తకంలో చదివిన పేరు తను నడుస్తున్న వీధికి అతుక్కుంటే ఆ పిల్ల మొహం చూడాలి!

తిండికి భయపడకండి. ఎగ్ రోల్, పుచ్కా (మన పానీపూరీ లాంటిది), పూరీ లాంటి లూచీ, ఆలూ కూర, మిష్టీ దోయి (తీపి పెరుగు), వీటితో పిల్లలు నాలుగు పూటలు గడిపేస్తారు. ఎస్‌ప్లనేడ్ దగ్గర డెకర్స్ లేన్‌లో ఆఫీసువాళ్లు తినే భోజనం చవక, వేడివేడిగా పెడతారు. బిర్యానీలో పెద్ద ఆలుగడ్డ వస్తుంది, మన కారం ఉండదు, హైదరాబాద్ బిర్యానీతో పోల్చకుండా తినండి. ఆవనూనె వాసన పడని పెద్దవాళ్లుంటే లేక్ మార్కెట్ వైపు ఇడ్లీ, సాంబారు దొరుకుతాయి.

దక్షిణేశ్వర్‌కి ఉదయమే వెళ్లండి, మధ్యాహ్నం గుడి మూసేస్తారు. ఫోన్లు, బ్యాగులు బయట కౌంటర్‌లో ఇవ్వాలి. అక్కడి నుంచి రామకృష్ణ మఠం ప్రధాన కేంద్రమైన బేలూర్ మఠానికి పడవలో వెళ్లొచ్చు. రామకృష్ణ పరమహంస గురించి నాలుగు మాటలు పడవలోనే చెప్పండి, గుడిలో చెబితే వినరు. ట్రామ్ రూట్లు చాలావరకు ఆపేశారు. ఎస్‌ప్లనేడ్ దగ్గర కనబడితే మాత్రం ఎక్కేయండి.

నచ్చనివీ ఉన్నాయి. పొద్దున, సాయంత్రం ఆఫీసు టైములో మెట్రోలో నిలబడడం కష్టం. ఏప్రిల్ నుంచి ఉక్కపోత, ఆ తర్వాత వానలు. దుర్గాపూజ అద్భుతమే, కానీ ఆ రోజుల్లో రూమ్ రేట్లు, జనం రెండూ తట్టుకోలేం, తక్కువ ఖర్చు టూర్‌కి ఆ వారం వద్దు. అయిదేళ్ల లోపు పిల్లలున్నవాళ్లకు కూడా నేను చెప్పను, నడక చాలా ఎక్కువ.

తిరుగు టికెట్ తీసేటప్పుడు స్టేషన్ పేరు చూసుకోండి. ఫలక్‌నుమా హౌరా నుంచి బయల్దేరుతుంది. కోరమండల్, ఈస్ట్ కోస్ట్ మాత్రం షాలిమార్ నుంచి. అక్కడికి మెట్రో లేదు కాబట్టి ఆ రోజు క్యాబ్ డబ్బులు విడిగా పెట్టుకుని, గంట ముందే హోటల్ నుంచి కదలండి.