అడ్డు వరుసలూ నిలువు వరుసలూ మెమరీలో ఎలా ఉంటాయి?

అందరికీ నమస్కారం. బెంగళూరు మారతహళ్లి చుట్టుపక్కల పీజీల్లో ఉంటూ డేటా ఉద్యోగాలకు ప్రిపేరవుతున్న మన తెలుగువాళ్లే ఇక్కడ ఎక్కువమంది ఉన్నారు. అందుకే ఇంటర్వ్యూల్లో టెన్షన్ పెట్టే విషయమే మాట్లాడతాను.

మన మెట్రో పర్పుల్ లైన్‌లో నాలుగు స్టేషన్లు తీసుకుందాం: మెజెస్టిక్, ఎంజీ రోడ్, ఇందిరానగర్, వైట్‌ఫీల్డ్. ఉదయం 8, 9, 10 గంటలకు ఎక్కిన ప్రయాణికుల సంఖ్య రాద్దాం. స్టేషన్‌కొక అడ్డు వరుస, గంటకొక నిలువు వరుస. ఇలాంటి అంకెల పట్టికనే అరే అంటారు. పైథాన్‌లో అంకెల లెక్కలకు వాడే నమ్‌పై లైబ్రరీలో దీని షేప్ (4, 3), అంటే నాలుగు అడ్డు వరుసలు, మూడు నిలువు వరుసలు.

షేప్‌లో ఒక్కో అంకెదీ ఒక్కో యాక్సిస్. లెక్క సున్నా నుంచి కాబట్టి ఇక్కడ 4 ఉన్నది యాక్సిస్ 0. దాని మీద కూడమంటే ఎన్ని మొత్తాలొస్తాయి? చాలామంది నాలుగంటారు. వచ్చేవి మూడు, గంటకొకటి. మీరు చెప్పిన యాక్సిస్ షేప్‌లోంచి మాయమవుతుంది, అంతే. 4 పోతే 3 మిగిలింది. వారం రోజుల లెక్క చేర్చి (7, 4, 3) చేసినా ఇదే సూత్రం: యాక్సిస్ 0 మీద కూడితే (4, 3) మిగులుతుంది. బట్టీ పట్టే పనే లేదు.

ఇప్పుడు అసలు సంగతి. మెమరీలో అడ్డం, నిలువు అనేవి లేవు. మన పన్నెండు అంకెలూ ఒకే బారులో ఉంటాయి. సీ భాష, మామూలుగా నమ్‌పై కూడా, ఒక స్టేషన్ అంకెలన్నీ అయ్యాకే తర్వాతి స్టేషన్‌కి వెళ్తాయి. వైట్‌ఫీల్డ్ 9 గంటల అంకె స్థానం 3×3+1, అంటే సున్నా నుంచి లెక్కిస్తే 10. ఫోర్‌ట్రాన్, ఆర్, మాట్‌ల్యాబ్ భాషలు నిలువు వరుసల ప్రకారం పేరుస్తాయి. అక్కడ అదే అంకె, సున్నా నుంచే లెక్కిస్తే, 1×4+3, అంటే 7వ స్థానంలో ఉంటుంది.

దీనివల్ల వేగం మారిపోతుంది. మనం వాడే చాలా ప్రాసెసర్లు మెమరీని 64 బైట్ల ముక్కలుగా తెచ్చుకుంటాయి. 8 బైట్ల అంకెలైతే ఒక్కసారికి ఎనిమిది వస్తాయి. పెద్ద అరేని సీలో నిలువుగా నడిపితే ఎనిమిదింటిలో ఒక్కటే వాడి ముందుకెళ్లిపోతాం. అందుకే సీలో లోపలి లూప్ నిలువు వరుస ఇండెక్స్‌ది కావాలి, అంటే ఒక అడ్డు వరుస మొత్తం అయ్యాకే తర్వాతిదానికి వెళ్లాలి.

నాకు అన్నిటికంటే అందంగా కనిపించేది ట్రాన్స్‌పోజ్, అంటే అడ్డు వరుసల్ని నిలువు వరుసలుగా మార్చడం. మన అరేలో కింది వరుసకి దిగాలంటే 24 బైట్లు, పక్క అంకెకి 8 బైట్లు దాటాలి. వీటినే స్ట్రైడ్స్ అంటారు. ట్రాన్స్‌పోజ్ చేస్తే నమ్‌పై ఒక్క అంకెని కూడా కదపదు. షేప్‌నీ ఈ రెండు స్ట్రైడ్స్‌నీ తారుమారు చేస్తుంది. కోటి అంకెలున్నా అంతే. అయితే డేటా ఒక్కటే కాబట్టి, ట్రాన్స్‌పోజ్‌లో ఏది మార్చినా అసలు అరేలోనూ మారుతుంది. అలా మారకూడదనుకుంటే ముందే కాపీ తీసుకోండి.