కంప్యూటర్ ఆగినా మిషను ఎందుకు నడిచింది? ఎఫ్‌పీజీఏ కార్డుకు డ్రైవర్ సెట్ చేయడం

స్క్రీన్ మీద: టేకు పలక. గజలక్ష్మి బొమ్మను అడ్డంగా కోసేసిన గాడి.

నమస్కారం అండి. ఈ గాడి చూడండి, పొడవు రెండు అంగుళాలు. సఖినేటిపల్లి నుంచి అంతర్వేది వెళ్లే దారిలో ఒక వడ్రంగి షెడ్డు ఉంది. అక్కడ కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ మిషనుతో సింహద్వారం తలుపు చెక్కుతుండగా పడింది. తప్పు నాది. మిషను కార్డుతో కంప్యూటర్‌ని మాట్లాడించే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్‌లో ఒక అంకె నేనే పెంచాను.

ఆ రోజు కంప్యూటర్ బిగుసుకుపోయింది. స్క్రీన్ మీద ఏదీ కదలడం లేదు. చెక్కే బిట్టు మాత్రం టేకులో దున్నుకుంటూ వెళ్లి, ఒక సెకను తర్వాత ఆగింది. మేస్త్రిగారు అడిగిన మాట ఇది: "కంప్యూటర్ ఆగిపోయింది కదా బాబూ, మరి మిషనుని నడవమని ఎవరు చెప్పారు?"

ఈ వీడియో మొత్తం ఆ ప్రశ్నకి జవాబే.

స్క్రీన్ మీద: మీసా 7ఐ96ఎస్ కార్డు, ఈథర్‌నెట్ కేబుల్, స్టెప్పర్ డ్రైవ్‌లు.

ఇక్కడ కంప్యూటర్‌లో ఉండి మిషనుని నడిపే సాఫ్ట్‌వేర్ లైనక్స్‌సీఎన్‌సీ. కేబుల్‌కి అవతల ఉన్న కార్డులో ఎఫ్‌పీజీఏ ఉంటుంది. అంటే లోపలి లాజిక్‌ను మనకు కావలసినట్టు కలుపుకోగల చిప్. ఆ కలిపే పని చేసేది ఫర్మ్‌వేర్.

పనిని కంప్యూటరూ కార్డూ పంచుకుంటాయి. మన మిషనులో బాల్‌స్క్రూ, అంటే మోటారు తిప్పే మరచుట్ల కడ్డీ, ఒక చుట్టు తిరిగితే బిట్టు 5 మిల్లీమీటర్లు కదులుతుంది. మోటారుని తిప్పే స్టెప్పర్ డ్రైవ్‌ని చుట్టుకి 1600 పల్సులకు పెట్టాం. ఒక్కో పల్సుకి మోటారు ఒక చిన్న అడుగు తిరుగుతుంది. అంటే మిల్లీమీటరుకు 320. నిమిషానికి 3000 మిల్లీమీటర్ల వేగంతో చెక్కుతుంటే సెకనుకు 50 మిల్లీమీటర్లు, అంటే 16,000 పల్సులు. వాటిని ఒక్కొక్కటిగా కంప్యూటర్ పంపదు. అది మిల్లీసెకనుకు ఒకసారి లెక్క వేసి, "ఈ యాక్సిస్‌ని (కదిలే దిశని) ఇంత వేగంతో తిప్పు" అని కార్డుకు ఒక అంకె రాస్తుంది. పల్సులు కొట్టేది కార్డు. అంతకంటే పెద్ద వేగాలకు కూడా పల్సులు సమానంగా పడేది అందుకే.

మేస్త్రిగారికి శివారులో అరెకరం పొలం ఉంది, కాబట్టి ఇలా చెప్పాను. కాలువ లస్కరుకి "గేటు ఇంత ఎత్తు ఉంచు" అని కబురు వెళ్లింది. తర్వాత కబురే రాలేదు. గేటు ఎంత ఎత్తులో ఉంటుంది? "ఆ ఎత్తులోనే ఉంటుంది" అన్నారు. మన కార్డూ అంతేనండి. చివరి అంకె "సెకనుకు 50 మిల్లీమీటర్లు". మళ్లీ మాట రాలేదు, అదే వేగంతో పల్సులు కొడుతూ పోయింది.

మరి దాన్ని ఆపేదెవరు? అది డ్రైవర్‌లో ఉంది. ఫైల్ తెరుద్దాం.

స్క్రీన్ మీద: హాల్ ఫైల్ (లైనక్స్‌సీఎన్‌సీలో దేన్ని దేనితో కలపాలో రాసే ఫైల్), మొదటి రెండు లైన్లు.

మొదటిది హోస్ట్‌మోట్2. కార్డులో ఏ మాడ్యూల్స్ (పల్సులు కొట్టడం లాంటి ఒక్కో పని చేసే లాజిక్ భాగాలు) ఉన్నాయో చదివి వాటికి పిన్నులు తయారు చేసేది ఇది. రెండోది హెచ్‌ఎమ్2_ఈథ్, కేబుల్ మీద మాట్లాడే డ్రైవర్. దీనికి బోర్డ్ ఐపీ ఇవ్వాలి, ఇక్కడ 10.10.10.10. పక్కన నమ్_స్టెప్‌జెన్స్ దగ్గర, అంటే పల్సులు కొట్టే స్టెప్‌జెన్ మాడ్యూల్స్ ఎన్ని అనే చోట, 3 అని ఇచ్చాం. ఫర్మ్‌వేర్‌లో లేని మాడ్యూల్‌ని ఈ అంకె పుట్టించలేదు, ఉన్నవాటిలో ఎన్ని వాడాలో మాత్రమే చెబుతుంది.

తర్వాత యాడ్‌ఎఫ్ లైన్లు, అంటే మిల్లీసెకనుకు ఒకసారి ఏ పనులు నడవాలో చెప్పేవి. ఇవి రాసిన వరుసలోనే నడుస్తాయి. ముందు కార్డు నుంచి రీడ్, తర్వాత మోషన్‌కి సంబంధించిన రెండు, చివర రైట్. రైట్‌ని పైకి తెచ్చారంటే ప్రతిసారీ పాత లెక్కే కార్డుకి వెళుతుంది.

స్టెప్‌జెన్ అంకెల్లో పొజిషన్ స్కేల్ మనం వేసిన 320. మ్యాక్స్‌యాక్సెల్ (వేగం ఎంత త్వరగా మారవచ్చో చెప్పే పరిమితి) మాత్రం యాక్సిస్ యాక్సిలరేషన్ కంటే పాతిక శాతమైనా ఎక్కువ ఉంచండి. స్టెప్ టైమింగులు నానోసెకన్లలో ఇవ్వాలి. అవి మీ స్టెప్పర్ డ్రైవ్ కాగితంలో ఉంటాయి.

స్క్రీన్ మీద: వాచ్‌డాగ్.టైమౌట్_ఎన్‌ఎస్ లైన్, పెద్దగా.

ఇక్కడ ఆగండి. గాడి పడింది ఈ లైన్ వల్లే. వాచ్‌డాగ్ అంటే కాపలా గడియారం. కంప్యూటర్ నుంచి రైట్ వచ్చి ఎంతసేపయిందో కార్డు లెక్కపెడుతూ ఉంటుంది. ఈ గడువు దాటితే పిన్నులన్నీ మాడ్యూల్స్ నుంచి విడిపోయి ఇన్‌పుట్లుగా మారతాయి, పల్సులు ఆగుతాయి. మామూలుగా ఉండే విలువ 50 లక్షల నానోసెకన్లు, అంటే 5 మిల్లీసెకన్లు. మన వేగానికి ఆ 5 మిల్లీసెకన్లలో బిట్టు పావు మిల్లీమీటరు పోతుంది. అంతకు ముందు అప్పుడప్పుడు వాచ్‌డాగ్ ఎర్రర్ వచ్చి పని ఆగుతుంటే, ఆ టెన్షన్ భరించలేక నేను దీన్ని ఒక సెకను చేశాను. ఎర్రర్ పోయింది. ఒక సెకనుకు 50 మిల్లీమీటర్లు. అదే ఈ రెండు అంగుళాలు. ఆ చోట బిట్టుకి బదులు చెయ్యి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

దయచేసి ఆ అంకె పెంచి ఎర్రర్‌ని దాచకండి. కారణం వెతకండి. మాకు రెండు దొరికాయి. కంప్యూటర్ బిగుసుకుపోవడానికి కారణం ఉప్పుగాలికి ర్యామ్ స్లాటులో పట్టిన చిలుము. అంతకు ముందు ఎర్రర్లు రావడానికి కారణం, కార్డు కేబుల్‌ని వైఫై రూటర్‌లో గుచ్చడం. ఇంట్లో వాళ్లు ఫోన్‌లో వీడియో పెడితే మన ప్యాకెట్ వెనకబడేది. కార్డుకి ఒక పోర్టు ప్రత్యేకంగా ఉంచి నేరుగా కలపండి. కంప్యూటర్ వైపు 10.10.10.1 అని స్థిరమైన ఐపీ ఇవ్వండి. రియల్‌టైమ్ కెర్నల్ (పనులను గడువులోపే చేసే లైనక్స్) వేయండి. బయోస్‌లో పవర్ సేవింగ్ తీసేయండి. నెట్‌వర్క్ చిప్ ఇంటెల్‌ది అయితే ఇంటరప్ట్‌లను (ప్యాకెట్ వచ్చిందని చెప్పే సంకేతాలను) పోగేసి ఒకేసారి పంపే అలవాటు ఉంటుంది. ఈథ్‌టూల్ అనే కమాండ్‌తో ఆర్‌ఎక్స్-యూసెక్స్‌ని సున్నా చేయండి.

ఇంకో జాగ్రత్త. కొన్ని కార్డుల్లో పిన్ను ఇన్‌పుట్‌గా మారితే పుల్అప్ (పిన్నును పైకి లాగే రెసిస్టర్) వల్ల హైకి, అంటే వోల్టేజీ ఉన్న స్థితికి వెళుతుంది. హైకి ఆన్ అయ్యే రిలేతో స్పిండిల్ (బిట్టుని తిప్పే మోటారు) కలిపితే, వాచ్‌డాగ్ ఆపాల్సిన సమయంలోనే స్పిండిల్ తిరగవచ్చు. పిన్ను "లో" (వోల్టేజీ లేని స్థితి) అయినప్పుడు ఆన్ అయ్యేలా కలపండి. ఎమర్జెన్సీ స్టాప్‌ని మాత్రం సాఫ్ట్‌వేర్‌కి వదలకండి. అది వైరుతోనే డ్రైవ్‌ల కరెంటు తీసేయాలి.

స్క్రీన్ మీద: షెడ్డు. స్పిండిల్ ఆఫ్, బిట్టు లేదు, జడ్ పైకి.

ఇప్పుడు పరీక్ష. ఎక్స్ యాక్సిస్‌ని మెల్లగా జాగ్ చేస్తున్నాను, అంటే బటన్ నొక్కి జరుపుతున్నాను. మేస్త్రిగారూ, ఆ కేబుల్ లాగండి.

బిట్టుని మోసే గ్యాంట్రీ అక్కడికక్కడే నిలబడిపోయింది, చూశారా. కేబుల్ పెట్టాక పని మధ్య నుంచి కొనసాగించకండి. లైనక్స్‌సీఎన్‌సీ మూసి, మళ్లీ తెరిచి, మూడు యాక్సిస్‌లనూ హోమ్ చేయండి, అంటే మొదలు స్థానానికి తీసుకెళ్లి గుర్తు పెట్టించండి. వేగంలో ఉండగా పల్సులు తెగాయి కాబట్టి, బిట్టు ఎక్కడుందని కంప్యూటర్ అనుకుంటోందో అది నిజంగా అక్కడ ఉండకపోవచ్చు.