హైదరాబాద్‌లో అద్దె ఇల్లు: ఓనర్‌కి మీ మీద నమ్మకం ఎలా కుదురుతుంది?

(స్క్రీన్ మీద: గేటుకి కట్టిన టులెట్ బోర్డు)

టులెట్ బోర్డు చూసి ఫోన్ చేశారు. అవతలి నుంచి వచ్చే మొదటి ప్రశ్న "ఫ్యామిలీయా, బ్యాచిలర్సా?" కూకట్‌పల్లి అయినా దిల్‌సుఖ్‌నగర్ అయినా ఇదే. బ్యాచిలర్స్ అనగానే కొందరు ఫోన్ పెట్టేస్తారు, అది అన్యాయమే, నాకూ కోపమొస్తుంది. కానీ ఆ ప్రశ్న వెనక ముఖ్యంగా ఉండేవి రెండు భయాలు: అద్దె టైముకి వస్తుందా, పక్క పోర్షన్ వాళ్లతో గొడవలొస్తాయా. వాళ్లు అడగకముందే ఆ రెండూ తీర్చేయండి.

ఫోన్‌లో ఇలా చెప్పండి: "నమస్తే అండీ, నేనూ నా ఫ్రెండూ ఇద్దరం ఉంటాం, మాదాపూర్‌లో జాబ్, ఒకటో తారీఖున దిగుతాం. ఇల్లు చూడ్డానికి సాయంత్రం ఎప్పుడు రమ్మంటారు?"

ఇద్దరమని చెప్పి నలుగురు దిగొద్దు. కుక్క ఉన్నా, నాన్‌వెజ్ వండుకున్నా ముందే చెప్పేయండి, ఎందుకంటే తర్వాత తెలిస్తే రోజూ టెన్షన్ పడుతూ ఆ ఇంట్లో ఉండాల్సింది మీరే.

ఇల్లు చూసేటప్పుడు గుమ్మంలోనే అద్దె బేరం మొదలుపెట్టకండి. మంజీరా నీళ్లు (వాటర్ బోర్డు కుళాయి నీళ్లు) వస్తాయా, బోరేనా, మెయింటెనెన్స్ ఎంత, రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారు... ఇవి అడిగితే నిజంగా కాపురం ఉండటానికి వచ్చారని ఓనర్‌కి అర్థమవుతుంది. బేరం చివర్లో, అదీ ఏదో ఒకటి ఇచ్చి అడగండి: "అడ్వాన్స్ రేపే వేసేస్తాం, ఏడాది పైనే ఉంటాం, ఒక ఐదొందలు తగ్గించండి ఆంటీ."

ఆఫీస్ ఐడీ, శాలరీ స్లిప్పులు ఫోన్‌లో రెడీగా పెట్టుకోండి. వాటికంటే బాగా పనిచేసేది పాత ఓనర్ ఫోన్ నంబర్, ఆయన్ని ముందే అడిగి ఇవ్వండి. ఆధార్ అడిగితే, ఆధార్ జారీ చేసే యూఐడీఏఐ సైట్‌లో దొరికే మాస్క్‌డ్ కాపీ ఇవ్వండి, అందులో చివరి 4 అంకెలే కనిపిస్తాయి.

ఇప్పుడు చాలామంది దాటేసే విషయం. మీరు పాత పన్ను విధానంలో ఉండి హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటి అద్దె అలవెన్స్) మీద పన్ను మినహాయింపు క్లెయిమ్ చేస్తుంటే, ఏడాది అద్దె లక్ష దాటితే ఆఫీసులో ఓనర్ పాన్ నంబర్ ఇవ్వాలి, అంటే నెలకి 8,500 అద్దె ఉన్నా సరే. దీన్ని ఇంట్లో దిగాక, ఆఫీసులో ప్రూఫ్‌లు అడిగే జనవరిలో ఓనర్‌ని అడిగితే "ముందు చెప్పలేదే" అని మొహం మాడ్చుకుంటారు, అప్పటిదాకా సంపాదించుకున్న మంచిపేరు కాస్తా పోతుంది. అందుకే అడ్వాన్స్ ఇవ్వకముందే అడగండి. ఇవ్వనంటే, ఆ పన్ను మినహాయింపు పోతే ఆ ఇల్లు మీకు లెక్కలో ఎంత ఖరీదు పడుతుందో చూసుకుని తేల్చుకోండి.

అగ్రిమెంట్ మామూలుగా 11 నెలలకి రాస్తారు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఎంత పట్టుకుంటారో, ఎన్ని నెలల ముందు చెప్పాలో అందులో రాయించుకోండి. దిగే రోజు గోడలు, కుళాయిలు, స్విచ్ బోర్డులు ఫోటోలు తీసి, "ఇల్లు ఇలా ఉందండీ" అని ఓనర్‌కే వాట్సాప్ చేయండి.